ఒక పల్లెటూరి జనాభా, బస్సు సౌకర్యం వివరాలు అధికారికంగా ఎక్కడ చూడాలి?

2011 జనగణన వాళ్ల జిల్లా హ్యాండ్‌బుక్ తీయండి. 2021లో జరగాల్సిన లెక్కింపు వాయిదా పడింది కాబట్టి, 2027 జనగణన వివరాలు వచ్చేదాకా అదే ఆధారం. అందులో లెక్క రెవెన్యూ గ్రామం ప్రకారం ఉంటుంది. శివారు పల్లెలు, తండాలు అన్నీ కలిపేస్తారు. అంకె పెద్దగా కనిపిస్తే కంగారు పడకండి.

బస్సు, రైల్వే స్టేషన్ ఊళ్లో లేకపోతే ఎంత దూరమో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తారు: ‘ఎ’ అంటే 5 కిలోమీటర్ల లోపు, ‘బి’ అంటే 5 నుంచి 10, ‘సి’ అంటే పదికి పైన. అయితే బస్సు రోజుకు ఎన్ని ట్రిప్పులు తిరుగుతుందో అందులో ఉండదు. ఆసుపత్రికో, కాలేజీకో వెళ్లేవాళ్లకు అసలు కావలసింది అదే. దానికి మాత్రం దగ్గర్లోని బస్ డిపోలో అడగాల్సిందే.