ముట్లు ఆగిన రెండేళ్లకు ఎరుపు కనిపిస్తే మాత్రతో ఆపొద్దు

ప్రశ్న: నా వయసు 53. ముట్లు ఆగి రెండేళ్లు దాటింది. ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర ఉండట్లేదు. షుగర్ ఉంది. ఆవిర్లకు హార్మోన్లు లేని కొత్త మాత్ర వచ్చిందని ఫోన్‌లో చూశాను. వాడొచ్చా? ఈ మధ్య రెండుసార్లు కొద్దిగా ఎరుపు కనిపిస్తే మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకున్నా, తగ్గింది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు మీ ఆఖరి మాట సంగతి చూద్దాం. ముట్లు ఆగి ఏడాది నిండాక ఒక్క చుక్క కనిపించినా పరీక్ష చేయించుకోవాల్సిందే. ఎక్కువమందిలో కారణం చిన్నదే, గర్భసంచి లోపలి పొర ఎండిపోవడమో, పాలిప్ (లోపల పెరిగే చిన్న కండ) ఉండటమో. కానీ ఇలా వచ్చిన వందమందిలో సుమారు తొమ్మిది మందికి గర్భసంచి లోపలి పొర కేన్సర్ బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు కొంత ఎక్కువ. తొందరగా దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

మీరు వేసుకున్న మాత్ర పేరు రాయలేదు. బతుకమ్మకో, మేడారం జాతరకో ముట్లు వెనక్కి జరపడానికి షాపులో అడిగి తెచ్చుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ చనువుతోనే ఇప్పుడూ తెచ్చుకుని ఉంటారు. షుగర్ పెట్టుకుని, ఎవరినీ అడగకుండా వేసుకోవడం బాగాలేదమ్మా. మాత్రకు రక్తం ఆగుతుంది, దాని కారణం లోపలే ఉండిపోతుంది. ఆరు నెలలు ఆలస్యంగా వచ్చేవాళ్లు నాతో అనే మాట ఒకటే: "మాత్రకు తగ్గింది కదా మేడమ్."

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. మీ ఊళ్లోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి అయినా సరే, తెలిసిన డాక్టర్ అయినా సరే. కింది నుంచి చేసే స్కాన్‌లో పొర మందం చూస్తారు. 4 మిల్లీమీటర్లు దాటితే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మీకు రెండుసార్లు కనిపించింది కాబట్టి పలచగా ఉన్నా బయాప్సీ అవసరం పడొచ్చు. రిపోర్టు రాకముందే గర్భసంచి తీసేద్దామని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి.

మీరడిగిన మాత్ర ఫెజోలినెటాంట్ అయి ఉండొచ్చు. మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే చోట పనిచేస్తుంది. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. వయసు మీద నెట్టేసి ఊరుకునే ఈ బాధకు ఇలా మందు రావడం నాకు నిజంగా సంతోషమే. అయితే అరుదుగా లివర్ తీవ్రంగా దెబ్బతింటోందని 2024 డిసెంబరులో అదే ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక చేర్చింది. వాడేముందు, తర్వాత మూడు నెలలపాటు నెలనెలా లివర్ పరీక్షలు తప్పవు. మిమ్మల్ని చూడకుండా వాడమని గానీ వద్దని గానీ నేను చెప్పకూడదు. రక్తం సంగతి తేలేదాకా ఆవిర్లకు హార్మోన్ మాత్రలు మాత్రం మొదలుపెట్టకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు షుగర్ మందుల చీటీతో పాటు ఆ షాపు మాత్రల ఖాళీ అట్ట కూడా తీసుకెళ్లండి.