కమాన్ పట్టీ వేయిస్తే లోడు పెరుగుతుందా?

ప్రశ్న: నిరుడు ఫోర్డ్ ఎఫ్-250 డీజిల్, నాలుగు తలుపుల ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ క్యాంపర్ (పికప్ వెనక తొట్టిలో బిగించిన కొక్కేనికి తగిలించే ఇల్లులాంటి ట్రైలర్) తీసుకుందామనుకుంటున్నాం. బ్రోచర్ చూస్తే 15,000 పౌండ్లు లాగుతుందని ఉంది. తలుపు దగ్గరి స్టిక్కరేమో మనుషులు, సామాను కలిపి 2,150 దాటొద్దంటోంది. మా ఫ్రెండ్ పెట్రోల్ ఎఫ్-250కి ఇంతకన్నా ఎక్కువే రాసి ఉంది! వెనక కమాన్ కట్టకు (లీఫ్ స్ప్రింగుకు) ఇంకో పట్టీ వేయించమని మా బావ సలహా. స్టిక్కర్, టైరు ఫోటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: మీ బావగారిది అచ్చం విజయవాడ ఆటోనగర్ మెకానిక్కుల సలహా. కమాన్ కట్టల మధ్యే బతికినవాణ్ని, ఆ మాట వింటే నాకూ చేతులు ఊరతాయి. కానీ మీ బండికి అడ్డం పడుతున్నది కమాన్ కట్ట కాదు.

మీ స్టిక్కర్ మీద బండి మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లు. అందులో ఫుల్ ట్యాంకుతో బండి సొంత బరువే 7,850. మిగిలింది 2,150. లెక్క అంతే. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ దానికన్నా కొన్ని వందల పౌండ్లు ఎక్కువ తూగుతుంది. ఆ కోత పడేది మీ లోడు మీదే. అంటే ఎక్కువ డబ్బు పోసి, మోసే బరువు తగ్గించుకున్నారన్నమాట!

మరి ఆ 10,000 ఎక్కడిది? ఇనుము బలాన్ని బట్టి వచ్చిన అంకె కాదది. అమెరికాలో 8,501 నుంచి 10,000 పౌండ్ల వరకు ‘2బి’ తరగతి, 10,001 నుంచి మూడో తరగతి. వ్యాపారం మీద రాష్ట్రాలు దాటే బండ్లకు ఫెడరల్ కమర్షియల్ నిబంధనలూ ఆ 10,001 దగ్గరే మొదలవుతాయి. ఆ గీతకు ఇవతలే ఉన్న బండి కావాలనేవాళ్లు చాలామంది, అందుకే 10,000 దగ్గర ఆపారు. మీ బండికి పై మోడల్, వెనక సింగిల్ టైర్ల ఎఫ్-350 కనిపిస్తే ఒకసారి కిందికి వంగి చూడండి. ఛాసీ, ఇంజిన్ చాలావరకు మీ బండివే.

ఇనుము లెక్క వేరే ఉంది. మీ వెనక యాక్సిల్ పరిమితి 6,340. టైరు మీద ఎల్‌టీ 275/70ఆర్18, లోడ్ రేంజ్ ‘ఇ’ అని ఉంది. 80 పీఎస్‌ఐ గాలితో ఒక్కోటి 3,640 పౌండ్లు మోస్తుంది, జత 7,280. అయినా యాక్సిల్‌కి 6,340 వేశారంటే టైరు కన్నా ముందే చేతులెత్తేసేది ఇంకోటి ఉందని. రిమ్ము, బేరింగు, స్ప్రింగు, యాక్సిల్, వీటిలో ఏది బలహీనమో దాన్ని బట్టే ఆ అంకె. ఖాళీ బండి వెనక భాగం 3,200 తూగుతుందనుకున్నా యాక్సిల్‌కి ఇంకా 3,000 పైచిలుకు చోటుంది. కాగితం మాత్రం 2,150 దగ్గరే ఆపేసింది. అన్నట్టు, మెత్తగా పోతుందని గాలి 60కి దించారో, టైరు ఆ 3,640 మోయదు.

పట్టీ వేసినా, స్ప్రింగుకు దన్నుగా గాలి తిత్తులు (ఎయిర్ బ్యాగులు) పెట్టినా బండి వెనక లేస్తుంది, అంతవరకే. స్టిక్కర్ మారదు, బ్రేకులు మారవు. పైగా బండి కుంగదు కాబట్టి ఎక్కువ వేశామన్న సంగతే తెలియదు. నాకు టెన్షన్ అదే.

ఇక క్యాంపర్. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తన బరువులో 15 నుంచి 25 శాతం మీ బండి మీదే పెడుతుంది. 12,000లో 20 శాతం 2,400. మీరు స్టీరింగ్ ముందు కూర్చోకముందే పరిమితి దాటింది. హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం), ఇంటిల్లిపాది, ఆవకాయ జాడీలు ఆ పైన. బ్రోచర్‌లోని 15,000 లాగే లెక్క, మోసే లెక్క కాదు. వెనక బాల్‌కి తగిలించే ట్రైలరైతే 10–15 శాతమే పడుతుంది. 8,000 పౌండ్లది తీసుకుంటే వెయ్యికి అటూఇటూ. నన్నడిగితే అదే కొనండి. 12,000దే కావాలంటే ఎఫ్-350 చూసుకోవాల్సిందే.

ఏది కొన్నా ముందు ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని, ట్యాంకు నింపి, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూకం వేయించండి. 10,000లోంచి అది తీసేస్తే మిగిలేదే హిచ్‌కి, ట్రైలర్ మీ బండి మీద మోపే బరువుకి. డీలర్ చూపించే పిన్ వెయిట్ (ఆ మోపే బరువే) సాధారణంగా ఖాళీ ట్రైలర్‌ది. నీళ్లు నింపి, సామాను సర్దాక ఎంతవుతుందో అడిగి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.