వైద్యం, పరిశోధన, సేవ: మూడూ కావాలనుకునే విద్యార్థి ఏదో ఒకటే ఎంచుకోవాలా?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెబితే ఇదీ. పాఠశాల చదువు ముగింపుకు వచ్చింది. రోగులకు చికిత్స చేయాలని ఉంది, జీవశాస్త్రంలో పరిశోధన చేయాలనీ ఉంది, చదివిన చదువు సమాజానికి అక్కరకు రావాలనీ ఉంది. ఇంట్లో, బడిలో అందరూ ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు. వైద్య కళాశాలలో సీటు రాకపోతే మిగతా రెండూ చేజారినట్టేనా అన్న దిగులు కూడా మీ ప్రశ్నలో ఉంది. నేను చాలాకాలంగా ఒక ఆస్పత్రి సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు క్షయ రోగులకు చికిత్సాకాలంలో తోడుగా నిలిచే ఒక స్వచ్ఛంద బృందంతో కలిసి తిరుగుతుంటాను. ఆ అనుభవంతో నాకు తోచిన మాట ముందే చెప్పేస్తాను. మీరు చెప్పిన మూడు కోరికలకూ పునాది ఒకే అలవాటు: ఎదుటి మనిషిని ఓపికగా గమనించడం, గమనించినదాన్ని కచ్చితంగా రాసిపెట్టడం, ఆ రాతను తిరిగి ఆ మనిషికే ఉపయోగపడేలా చేయడం. ఈ అలవాటు పడినవారు ఏ పట్టా తీసుకున్నా మూడింటిలోనూ పాలుపంచుకోగలరు. అది లేనివారికి పెద్ద పట్టా ఉన్నా ఒక్కటి కూడా సరిగ్గా దక్కదు.

ఇది గాలిలో మాటలా అనిపించకుండా మా ప్రయోగశాలలో రోజూ కనిపించే ఒక చిన్న విషయం చెబుతాను. ఊపిరితిత్తుల క్షయను నిర్ధారించడానికి కఫం కావాలి. దాన్ని గాజుపలక మీద పలుచగా పూసి, ఆరనిచ్చి, కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రని రంగు పోసి వేడిచేసి, ఆ తర్వాత ఆమ్లంతో కడిగి, చివరగా మిథిలీన్ బ్లూ పోస్తాము. మిగతా కణాలన్నీ ఆమ్లానికి ఎర్రరంగును వదిలేసి నీలంగా మారిపోతాయి. క్షయ సూక్ష్మజీవి మాత్రం తన మైనపు పొర వల్ల ఆ ఎరుపును వదలదు. నీలిరంగు మధ్య సన్నని ఎర్రని పుల్లల్లా అవి కనిపిస్తాయి. కనిపించకపోతే, లేవని చెప్పడానికి ముందు కనీసం 100 చోట్ల సూక్ష్మదర్శిని కింద వెతకాలి. ఇదంతా ఎంత శ్రద్ధగా చేసినా, డబ్బాలో వచ్చింది కఫం కాక ఉత్త ఉమ్మి అయితే ప్రయోజనం లేదు. రోగి చేతికి డబ్బా ఇచ్చి 'రేపు ఇందులో వేసి తీసుకురా' అని పంపేసిన చోట్ల నుంచి ఎక్కువగా వచ్చేది నురుగుతో కూడిన ఆ ఉమ్మే. ఫలితం 'లేదు' అని వస్తుంది, మనిషి దగ్గుతూ ఇంటికి పోతాడు.

మా బృందంలో ఒక డిగ్రీ విద్యార్థిని ఉండేది. ఆమె డబ్బా ఇచ్చి ఊరుకునేది కాదు. రోగిని గాలి ఆడే ఆరుబయటికి తీసుకెళ్లి, ముందు నీళ్లతో నోరు పుక్కిలించమని, తర్వాత రెండు మూడుసార్లు నిండుగా ఊపిరి తీసి, గొంతులోంచి కాక ఛాతీ లోతునుంచి దగ్గమని చెప్పి, తానే ఒకసారి దగ్గి చూపించి, దూరంగా జరిగి వేచి ఉండేది. ముసలివారు సిగ్గుపడితే తొందరపెట్టేది కాదు. ఆమె పంపిన డబ్బాలను మూత తీయకుండానే గుర్తుపట్టేవాళ్లం. చిక్కగా, పసుపుపచ్చగా, పరీక్షకు తగినట్టుగా ఉండేవి. కొన్నాళ్లకు ఆమె తనకు తానుగా ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. ఎవరికి ఎలా చెబితే అర్థమైంది, ఎవరికి ఏ మాట తికమక కలిగించింది, మొదటిసారి ఉమ్మి వచ్చి రెండోసారి కఫం వచ్చినవారు ఎవరు అన్నవి అందులో రాసేది. ఆ పుస్తకాన్ని చూసి మేము మా సూచనల కాగితాన్నే మార్చుకున్నాము. ఆమె చేసినది వైద్యమా, పరిశోధనా, సేవా అని విడదీసి చెప్పమంటే నేను చెప్పలేను.

మందుల విషయంలోనూ ఇంతే. క్షయ చికిత్సలో వాడే రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. అది హానిలేని మార్పు. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పని రోగి మాత్రం రక్తం పోతోందని హడలిపోయి మాత్రలు ఆపేస్తాడు. మామూలు క్షయకు సాధారణంగా 6 నెలలు మందులు వాడాలి. నడుమ ఆపితే రోగం తిరగబెట్టడమే కాక, సూక్ష్మజీవి ఆ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. ఒక్క వాక్యం చెప్పివుంటే సరిపోయే చోట అంత అనర్థం జరుగుతుంది. ఆ వాక్యం చెప్పడానికి వైద్య పట్టా అక్కరలేదు. మందు ఎలా పనిచేస్తుందో తెలిసివుండాలి, ఎదుటి మనిషి దేనికి భయపడతాడో ఊహించగలగాలి.

చరిత్రలోనూ ఈ మూడు పనులు ఒకదానితో ఒకటి పెనవేసుకునే కనిపిస్తాయి. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగి 600 మందికి పైగా చనిపోయినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి, చనిపోయినవారు ఏ నీళ్లు తాగారో విచారించి, బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపే మూలమని తేల్చాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వాటిలో తక్కువగా కనిపించే పేరు హెన్రీ వైట్‌హెడ్. ఆయన వైద్యుడు కాదు, అక్కడి చర్చిలో మతగురువు. ఆ వీధుల్లోని కుటుంబాలన్నీ ఆయనకు తెలుసు. స్నో మాట తప్పని నిరూపించాలనే ఉద్దేశంతోనే ఆయన విచారణ మొదలుపెట్టాడు. ఒక్కో ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి అడిగి, చివరకు స్నో చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. అంతేకాదు, పంపు పక్కనే ఉన్న 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాపకు అందరికంటే ముందు విరేచనాలు పట్టుకున్నాయని, ఆ బట్టలు ఉతికిన నీళ్లు పంపు పక్కనున్న మురుగుగుంటలో పోశారని కనిపెట్టినది ఆయనే. తవ్వి చూస్తే గుంట గోడలు పాడై మురుగు పంపు కింది బావిలోకి ఊరుతోందని తేలింది. ఆ తల్లి ఆయనతో మాట్లాడింది ఆయన కొత్తవాడు కాకపోవడం వల్లనే. పంపు పిడి తీసేయగానే కలరా ఆగిపోయిందనే కథ మాత్రం కొంత అతిశయోక్తి. అప్పటికే జనం చాలామంది ఆ ప్రాంతం వదిలి వెళ్లడంతో మరణాలు తగ్గుముఖం పట్టాయి.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ 1971 నాటిది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో సరిహద్దు దాటివచ్చిన శరణార్థుల్లో కలరా వ్యాపించినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో పనిచేస్తున్న వైద్యుడు దిలీప్ మహలనబీస్ దగ్గర నరాల ద్వారా ఎక్కించే సెలైన్ నిండుకుంది. పేగు గోడ గ్లూకోజును పీల్చుకునేటప్పుడు దానితోపాటు సోడియాన్ని కూడా లోపలికి తీసుకుంటుందని, ఆ రెంటి వెంట నీరు కూడా పోతుందని అప్పటికే ప్రయోగశాలల్లో తెలిసివుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ జంట ప్రయాణాన్ని ప్రతిపాదించాడు. మహలనబీస్ బృందం గ్లూకోజు, ఉప్పు, వంటసోడా పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి తాగించమని రోగుల బంధువులకే అప్పగించింది. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆ శిబిరంలో 4 శాతం లోపుకు దిగాయి. అంతటి గందరగోళంలో కూడా ఎవరికి ఏది ఇచ్చామో, ఎవరు బతికారో లెక్క రాసిపెట్టారు కాబట్టే 1973లో దాన్ని ప్రచురించగలిగారు, లోకం నమ్మగలిగింది. పేగు కణం గురించిన ఒక ప్రయోగశాల ఆలోచన, ఒక వైద్యుని తెగువ, చదువురాని తల్లుల చేతులు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పని జరిగేది కాదు.

ఇప్పుడు మీరు చేయగలిగిన వాటి సంగతి. సేవ అనగానే విద్యార్థులు ఒకరోజు శిబిరాల వైపు పరుగెత్తుతారు. వాటిమీద నాకు పెద్దగా గౌరవం లేదని నిజం చెప్పేస్తాను. రక్తపోటు శిబిరాన్నే తీసుకోండి. మనిషి కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చేతి లావుకు సరిపోవాలి, కనీసం 2 సార్లు చూడాలి. వరుసలో నిలబెట్టి, మాట్లాడుతూ, చొక్కా చేతిమీదనే పట్టీ చుట్టి చూసిన అంకె మనిషిని అకారణంగా భయపెడుతుంది, లేదా అకారణంగా ధైర్యపరుస్తుంది. ఎక్కువ వచ్చినవారు తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఏర్పాటు లేకపోతే ఆ శిబిరం ఫొటోల కోసం పెట్టినట్టే. దానికి బదులు ఒకే చోటికి, వారానికి ఒక గంట అయినా సరే, ఏడాదిపాటు వెళ్లండి. వృద్ధాశ్రమం కావచ్చు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావచ్చు, వికలాంగ పిల్లల బడి కావచ్చు. మొదట్లో మీకు ఇచ్చే పని కుర్చీలు సర్దడమో, చీటీలు రాయడమో అయివుంటుంది. చేయండి. అక్కడ కూర్చున్నప్పుడే ఎవరు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారో, ఎవరు మాత్రల పేర్లు చదవలేక రంగును బట్టి గుర్తుపెట్టుకుంటున్నారో కనిపిస్తుంది. అలాంటి ఒక ప్రశ్న దొరికితే దాన్ని పెద్దలకు చూపించి, వారి అనుమతితో, రోగుల పేర్లు లేకుండా నమోదు చేయడం మొదలుపెట్టండి. పరిశోధన అక్కడే మొదలైంది. రోగుల ఫొటోలు తీయడం, వారి కథలను మీ స్నేహితులకు చెప్పుకోవడం మాత్రం ఎంత మంచి ఉద్దేశంతోనైనా వద్దు.

సీటు గురించిన దిగులుకు వస్తాను. వైద్యునిగా చికిత్స చేయడమే మీ మనసుకు నచ్చిన పని అయితే, దానికోసం గట్టిగా ప్రయత్నించండి. ఆ దారికి ప్రత్యామ్నాయం లేదు. కానీ మీరు కోరుకునేది రోగికి మేలు జరగడం అయితే నర్సింగ్, ప్రయోగశాల సాంకేతికత, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ప్రజారోగ్యం, వైద్య గణాంకశాస్త్రం, జన్యుశాస్త్రం, వైద్య పరికరాల ఇంజినీరింగ్ అన్నీ అక్కడికే తీసుకెళతాయి. రోగి పక్కన ఎక్కువ సేపు ఉండేది నర్సే. యల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్యం చదివినా పూర్తి పట్టా దక్కక ఎల్.ఎం.ఎస్. తోనే బయటికి వచ్చారు, తర్వాత జీవరసాయనశాస్త్రం వైపు వెళ్లారు. బోదకాలు వ్యాధికి నేటికీ వాడే డైఇథైల్ కార్బమజైన్ ఆయన నడిపిన పరిశోధనా బృందం నుంచి వచ్చింది. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా వైద్యుడు రక్తకాన్సరుతో ఉన్న పిల్లలకు ఇచ్చి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించిన అమినోప్టెరిన్ అనే మందు కూడా అక్కడిదే. సుబ్బారావు గారు ప్రతి రోగినీ చూడలేదు, రోగులకు మాత్రం మందు అందింది.

అయితే ఏ దారిలోనైనా రోజువారీ పని ఎలా ఉంటుందో ముందే చూసుకోండి. పరిశోధన అంటే ఒకే ప్రయోగాన్ని వారాల తరబడి తిరిగి చేయడం, చాలాసార్లు ఏమీ తేలకపోవడం. వైద్యం అంటే రాత్రి నిద్ర చెడటం, బాగు చేయలేని రోగి బంధువుల ముందు నిలబడి మాట్లాడవలసి రావడం. సేవ అంటే కృతజ్ఞత ఎప్పుడూ దొరకదు. మీరు చెప్పిన సలహాను మొహం మీదే కొట్టిపారేసేవారు ఉంటారు. ఈ మూడు విసుగుల్లో మీరు దేన్ని తేలికగా భరించగలరో చూసుకుని ప్రధాన వృత్తిని ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఉత్సాహం ఉన్న రోజుల్లో ఏ పనైనా నచ్చుతుంది.

చివరగా, దరఖాస్తులో మీ ఆశయాల గురించి ఏం రాయాలని అడిగారు. 'మానవాళికి సేవ చేయాలన్నది నా చిన్ననాటి కల' వంటి వాక్యాలు ఎంపిక చేసేవారు రోజంతా చదువుతూనే ఉంటారు. మీరు చూసిన ఒక్క విషయం తీసుకోండి: ఏం చూశారు, ఎందుకు అలా జరుగుతోందని అనుకున్నారు, తెలుసుకోవడానికి ఏం చేశారు, ఏం తేలింది, ఇంకా ఏం తెలియలేదు. తేలనిదాన్ని దాచకుండా రాయండి. ఈలోగా కళాశాలలో ఏ కోర్సు దొరికినా గణాంకశాస్త్రం ఒక పాఠ్యాంశంగా తీసుకోండి, మీ చుట్టూ ఉన్న రోగులు మాట్లాడే భాషలో ఆరోగ్య విషయాలను స్పష్టంగా రాయడం సాధన చేయండి. సకాలంలో, స్పష్టంగా రాయకపోతే ఏమవుతుందో చూడండి: వియన్నా ఆస్పత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు 1847లో వైద్యుల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి బాలింతల మరణాలను ఎంతగానో తగ్గించాడు. తన లెక్కలన్నిటినీ పుస్తకంగా వెలువరించింది మాత్రం 1861లో. అది కూడా విమర్శకుల మీద కోపంతో నిండివుండడంతో, చదవవలసినవారిలో చాలామంది దాన్ని పక్కన పెట్టేశారు.