కూరగాయలు, పప్పుల ధరలు పెరిగితే హైదరాబాద్ పేద కుటుంబాలు ఇంకా పేదవి ఎలా అవుతాయి?

బోరబండలోనో అడ్డగుట్టలోనో అద్దెకుండేవాళ్లు కరివేపాకు దాకా కొనుక్కోవాల్సిందే. 2023–24 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా సగటున దాదాపు 40 శాతం. పేదల్లో ఇంకా ఎక్కువ. ధరలతోపాటు కూలి వెంటనే పెరగదు. అద్దె, స్కూలు ఫీజు ఆపలేరు కాబట్టి కోత పడేది కంచంలోనే: ముందు పప్పు పలచనవుతుంది, తర్వాత పాలు, గుడ్లు, పండ్లు తగ్గిపోతాయి. కడుపు నిండినట్టే ఉంటుంది, పోషణ ఉండదు. నాకు ఎక్కువ భయం వేసేది పిల్లల విషయంలో ఇదే.

రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా రావడం నిజంగా పెద్ద ఊరట. కానీ నూనె, కందిపప్పు, కూరగాయలు బయటే కొనాలి. కార్డు లేని కుటుంబానికి బియ్యం ఊరటా ఉండదు. అప్పటికీ సరిపోకపోతే వడ్డీకి తెస్తారు. ధరలు దిగినా వడ్డీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.