ముందు ఎస్‌ఎంపీఎస్, తర్వాతే గ్రాఫిక్స్ కార్డు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

తక్కువ డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు ఎలా ఎంచుకోవాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లోంచి అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం. ధరలు పాఠకులు రాసినవే. మెమొరీ చిప్‌ల ధరను బట్టి కార్డుల ధరలు తరచూ మారుతుంటాయి కనుక కొనే రోజున మరోసారి వాకబు చేసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడికి రెండేళ్ల క్రితం ఒక రీఫర్బిష్డ్ కంప్యూటర్ కొనిచ్చాను. డెల్ ఆప్టిప్లెక్స్ 9020, సన్నటి క్యాబినెట్, నాలుగో తరం ఐ5, 16 జీబీ ర్యామ్. ఇప్పుడు 3డీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ నేర్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు. సెలవుల్లో గేములు కూడా ఆడుకుంటాడట. నేను 18 వేల దాకా పెట్టగలను. ఊళ్లో షాపువాళ్లు 8 జీబీ ఆర్‌ఎక్స్ 580 సెకండ్ హ్యాండ్‌లో 7 వేలకే ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: వద్దండీ. ఆ కార్డు మీ క్యాబినెట్‌లో పట్టదు, పట్టినా నడవదు, ఎలాగో నడిపించినా మీ అబ్బాయి అడిగిన పనికి అక్కరకు రాదు. 7 వేలే కదా అనిపిస్తుంది కానీ, ఆ 7 వేలూ బూడిదలో పోసిన పన్నీరే అవుతాయి.

ఆఫీసుల నుంచి వచ్చే సన్నటి క్యాబినెట్లలో లో ప్రొఫైల్ అని పిలిచే సగం ఎత్తు కార్డులు మాత్రమే పడతాయి. ఆర్‌ఎక్స్ 580 పూర్తి ఎత్తున్న కార్డు, మందంలో కూడా రెండు స్లాట్ల చోటు తింటుంది. ఇక కరెంటు సంగతి. మదర్‌బోర్డు మీద కార్డును గుచ్చే స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి. ఆర్‌ఎక్స్ 580కి 185 వాట్లు కావాలి కనుక, మిగతాది కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వచ్చే పవర్ కేబుల్ ద్వారా అందాలి. మీ కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్ మొత్తం సామర్థ్యమే 255 వాట్లు, పైగా దానికి ఆ కేబుల్ ఉండదు. పోనీ పెద్దది మారుద్దామా అంటే, ఆ మదర్‌బోర్డుకు డెల్ తన సొంత 8 పిన్నుల కనెక్టర్ పెట్టింది. బజారులో దొరికే 24 పిన్నుల ఎస్‌ఎంపీఎస్ దానికి నేరుగా కలవదు, సైజు కూడా ఆ సన్నటి డబ్బాకు సరిపోదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, షాపులో సాధారణంగా ఎవరూ చెప్పనిది బ్లెండర్ సంగతి. బ్లెండర్‌లో తుది చిత్రాన్ని లెక్కగట్టి తయారుచేసే (రెండర్ చేసే) సైకిల్స్ అనే భాగం ఒకప్పుడు ఓపెన్‌సీఎల్ పద్ధతిలో ఏఎండీ పాత కార్డులను కూడా వాడుకునేది. 2021 డిసెంబరులో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఓపెన్‌సీఎల్‌ను తీసేశారు. దాని స్థానంలో ఏఎండీ కార్డుల కోసం హిప్ అనే పద్ధతి వచ్చింది కానీ, 2017 నాటి ఆర్‌ఎక్స్ 580 తరం కార్డులకు అది పనిచేయదు. అంటే కార్డులో 8 జీబీ మెమొరీ ఉన్నా రెండరింగ్ భారమంతా మళ్లీ ఆ పాత ఐ5 మీదే పడుతుంది.

స్లాట్ కరెంటుతోనే నడుస్తూ సగం ఎత్తులో దొరికే కార్డుల్లో మీరు ఆలోచించదగినవి ఆర్‌ఎక్స్ 6400, జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. వీటిలో ఆర్‌ఎక్స్ 6400 కు 53 వాట్లు చాలు, ఒకే స్లాట్ మందంలో దొరుకుతుంది కనుక అమర్చడం తేలిక. అయితే అది మదర్‌బోర్డుతో నాలుగు లేన్ల (డేటా దారుల) మీదే మాట్లాడుతుంది. కొత్త బోర్డుల్లో ఆ నాలుగు లేన్ల మీద సెకనుకు దాదాపు 8 జీబీ డేటా కదిలితే, మీ నాలుగో తరం బోర్డులో అందులో సగమే కదులుతుంది. కార్డులోని 4 జీబీ నిండి డేటా ర్యామ్‌లోకి పొంగినప్పుడల్లా ఆ ఇరుకు దారి దగ్గర గేమ్ తడబడుతుంది. వీడియోను కుదించి ఫైలుగా మార్చే (ఎన్‌కోడ్ చేసే) సదుపాయాన్ని కూడా దాని నుంచి తీసేశారు. జీటీఎక్స్ 1650 లో ఈ లోపాలు లేవు కానీ దానిదీ 4 జీబీయే.

నా సలహా ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లో ప్రొఫైల్ కార్డు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ కార్డుకు 70 వాట్లు చాలు, విడిగా పవర్ కేబుల్ అక్కరలేదు. బ్లెండర్ రెండరింగ్‌ను బాగా వేగవంతం చేసే ఆప్టిక్స్ పద్ధతి దీని మీద పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త. 3050 పేరుతోనే 2022 నుంచి 8 జీబీ కార్డు కూడా ఉంది. దానికి 130 వాట్లు కావాలి, విడిగా కేబుల్ కూడా కావాలి. పేరు ఒకటే కనుక పెట్టె మీద 6 జీబీ అని ఉందో లేదో చూసి, కార్డు అంచున పవర్ కనెక్టర్ లేదని నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టండి.

ఈ కార్డు రెండు స్లాట్ల మందం ఉంటుంది. అందువల్ల ముందు క్యాబినెట్ మూత తీసి, పొడవైన స్లాట్ పక్కన ఎస్‌ఎంపీఎస్ అడ్డు వస్తుందేమో స్కేలుతో కొలవండి. కొన్ని ఆఫీసు మెషిన్ల మాన్యువల్‌లో స్లాట్‌కు 75 వాట్ల కంటే తక్కువ పరిమితి రాసి ఉంటుంది, అది కూడా చూడండి. ఏది కుదరకపోయినా ఈ డబ్బాను ఇచ్చేసి, పూర్తి ఎత్తు కార్డులు పట్టే టవర్ మోడల్‌కు మారడం మంచిది. మీ అబ్బాయికి ఒక మాట ముందే చెప్పండి: నాలుగు కోర్ల ఆ ప్రాసెసర్‌తో కొత్త గేములు సాఫీగా నడవవు. విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసింది, నాలుగో తరం ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా లేదు. ఒకటి రెండేళ్లలో కంప్యూటర్ ఎలాగూ మార్చాలి. అప్పుడు ఈ కార్డును కొత్త దానిలోకి మార్చుకోవచ్చు, ఆర్‌ఎక్స్ 580 కొంటే మాత్రం ఆ ఆశ లేదు.

ప్రశ్న: నాది చిన్న డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కరపత్రాలు, ఫోటోషాప్‌లో ఫ్లెక్సీలు చేస్తాను. ఎనిమిదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఫ్లెక్సీ ఫైల్ తెరిస్తే కంప్యూటర్ కదలడం లేదు. 2 జీబీ జీటీ 710 వేస్తే సరిపోతుందన్నారు. నిజమేనా?
— ఒక డీటీపీ ఆపరేటర్, నర్సీపట్నం

జవాబు: కాదు. మీకు గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. పది అడుగులకు ఇరవై అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల చొప్పున తయారుచేస్తే వెడల్పు 8,640, పొడవు 17,280 పిక్సెళ్లు అవుతాయి. ఒక్కో పిక్సెల్‌కు ప్రింటింగ్‌లో వాడే సీఎంవైకే రంగుల్లో 4 బైట్లు వేసుకుంటే ఒక్క లేయరే దాదాపు 600 ఎంబీ. నాయకుల ఫోటోలు, పేర్లు, బ్యాక్‌గ్రౌండ్ అంటూ పది లేయర్లు పడేసరికి 4 జీబీ ర్యామ్ చాలక ఫోటోషాప్ హార్డ్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ కదలనిది అందుకే. ర్యామ్‌ను 16 జీబీ చేసి, విండోస్‌ను హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ మీదకు మార్చండి. జీటీ 710 కు అయ్యే డబ్బుకు ఇంకొంత కలిపితే మీ పని సగం సమయంలో తెమిలే మార్గం ఇది. ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ మీ పనికి ధారాళంగా సరిపోతుంది.

ప్రశ్న: 2021లో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ ఉంది. రైజెన్ 5 3600, 16 జీబీ ర్యామ్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఇప్పుడు జీటీ 710 తో నడుపుతున్నాను. 20 వేలలో ఆర్‌ఎక్స్ 6600 తీసుకుందామనుకుంటున్నాను. ఈ ఎస్‌ఎంపీఎస్ ఆగుతుందా?
— ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: కార్డు ఎంపిక బాగుంది. 8 జీబీ మెమొరీ ఉంది, 132 వాట్లతో నడుస్తుంది, మీ ప్రాసెసర్‌కు ఈడుజోడు. నా భయమంతా ఎస్‌ఎంపీఎస్ గురించే. మూత తీసి దాని పక్కనున్న స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న 450 ని పట్టించుకోకుండా, కింద పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి ఆ అంకెను 12 తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల మీదే బతుకుతాయి. ఉదాహరణకు అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే నికరంగా దక్కేది 192 వాట్లే. మీ ప్రాసెసర్ పూర్తి బరువు మీద ఉన్నప్పుడు 88 వాట్ల దాకా తీసుకుంటుంది, కార్డుకు 132, ఫ్యాన్లకూ డిస్కులకూ మరికొంత. లెక్క 230 దాటిపోతుంది. ఇలాంటి ఎస్‌ఎంపీఎస్ గేమ్ మధ్యలో కంప్యూటర్‌ను ఆపేయడంతో ఊరుకోవచ్చు, లేదా తాను కాలిపోతూ బోర్డునూ కార్డునూ తీసుకుపోవచ్చు.

అందువల్ల మీ 20 వేలలో ముందుగా 80 ప్లస్ గుర్తున్న మంచి బ్రాండు 500 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు తీసి పక్కన పెట్టండి. మిగిలిన దానికి 6600 రాకపోతే రెండు నెలలు ఆగండి, లేదా మొదటి జవాబులో చెప్పిన 3050 6 జీబీతో సరిపెట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ విషయంలో మాత్రం రాజీ పడవద్దు. యూపీఎస్ ఉంటే దాన్ని కూడా చూసుకోండి. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, మానిటర్ కూడా అందులోనే నడవాలి.

ప్రశ్న: మాది పెళ్లిళ్ల ఫోటో, వీడియో స్టూడియో. సోనీ కెమెరాలో 4కే, 10 బిట్, 4:2:2 లో తీస్తాం. ఐ5 12400ఎఫ్, జీటీఎక్స్ 1050 టీఐ ఉన్నాయి. ప్రీమియర్‌లో టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది. 25 వేలలో ఏ కార్డు వేయాలి?
— ఒక స్టూడియో యజమాని, జగిత్యాల

జవాబు: మీ ఇబ్బందికి మూలం రంగుల వివరాన్ని ఎక్కువగా నిలుపుకునే ఆ 4:2:2 పద్ధతి. ఆ రకం వీడియోను విప్పే హార్డ్‌వేర్ చాలా కార్డుల్లో ఉండదు. ఎన్విడియాలో 50 సిరీస్‌తోనే వచ్చింది. అందువల్ల పాత 3060, 4060 లాంటివి ఎంత మంచి ధరకు దొరికినా మీ టైమ్‌లైన్ కష్టం తీరదు. 2025లో 249 డాలర్ల ధరతో వచ్చిన 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5050 మీ బడ్జెట్‌కు దగ్గరగా ఉండే కార్డు. మన దగ్గర దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. దానికి 130 వాట్లు కావాలి కనుక కరీంనగర్ విద్యార్థికి చెప్పిన లెక్క మీరూ వేసుకోవాలి.

ఇంతకంటే చవక దారి కూడా ఉంది. ఇంటెల్ పదకొండో తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో తీసిన 10 బిట్ 4:2:2 వీడియోను చక్కగా విప్పుతుంది. మీ దురదృష్టం ఆ చివరి ఎఫ్ అక్షరంలో ఉంది, ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. దాన్ని ఇచ్చేసి ఎఫ్ లేని 12400 వేసుకుని, కెమెరాలో హెచ్.265 తో రికార్డు చేసే ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ ఎంచుకుంటే కార్డు కొనకుండానే గట్టెక్కవచ్చు. పాత హెచ్.264 ఫుటేజీకి మాత్రం ఇది పనికిరాదు. ఈలోగా ముహూర్తాల సీజన్ గడవడానికి ప్రాక్సీ ఫైళ్లు (తేలికపాటి నకళ్లు) చేసుకుని ఎడిట్ చేయండి, దానికి పైసా ఖర్చు లేదు. మీ 1050 టీఐ తరానికి ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు కూడా 2025 అక్టోబరుతో ఆపేసింది, ఇకపై భద్రతా సవరణలే వస్తాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు ఏం చూడాలి? మైనింగ్‌లో వాడినవి కొనవచ్చా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: 2022 సెప్టెంబరు 15 న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ, కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించే మైనింగ్ పద్ధతిని వదిలేశాక అలాంటి కార్డులు బజారులోకి వచ్చిపడ్డాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన కార్డు చచ్చినట్టు కాదు. కానీ రాత్రింబవళ్లు తిరిగిన ఫ్యాన్లు అరిగి ఉంటాయి, మెమొరీ మీది ప్యాడ్లు ఎండిపోయి ఉంటాయి. ధర బాగా తగ్గితేనే తీసుకోవాలి.

మైనింగ్ కార్డు కంటే నకిలీ కార్డు పెద్ద ప్రమాదం. కొన్నేళ్ల క్రితం ఒక అమ్మకందారు దగ్గర 4 జీబీ 1050 టీఐ అని నేనే ఒకటి కొన్నాను. పెట్టె కొత్తగా మెరుస్తోంది, విండోస్ కూడా దాన్ని 1050 టీఐ అనే చూపించింది. డ్రైవర్ వేయబోతే పడలేదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే పేరు ముందే ఫేక్ అని కనిపించింది, లోపల ఉన్నది చాలా పాత తరం చిప్. కార్డులోని బయోస్ (దాని వివరాలు చెప్పే ప్రోగ్రాం) మార్చి పేరు మార్చేశారు. అప్పుడు కార్డును చేతిలోకి తీసుకుని మళ్లీ చూస్తే వెనక నీలం రంగు వీజీఏ పోర్టు ఉంది. అసలు 1050 టీఐ చిప్‌లో వీజీఏకు కావాల్సిన అనలాగ్ అవుట్‌పుట్టే లేదు. ఆ నీలం పోర్టును కొనేముందే చూసి ఉంటే ఆ డబ్బు నాకు మిగిలేది.

కాబట్టి కార్డును నడుస్తున్న కంప్యూటర్‌లోనే చూడండి. జీపీయూ-జెడ్‌లో పేరు, మెమొరీ రకం చదవండి. జీటీ 1030 లాంటి కార్డులు ఒకే పేరుతో జీడీడీఆర్5, డీడీఆర్4 రెండు రకాలుగా వచ్చాయి, రెండో రకంలో మెమొరీ వేగం మొదటి దానిలో దాదాపు మూడో వంతే. ఆ తర్వాత కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ ప్రోగ్రాంను పావుగంట నడిపించి తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాన్ గరగరమంటోందా గమనించండి. కేబుల్ మార్చి ప్రతి పోర్టునూ పరీక్షించండి. బిల్లు ఉంటే అందులోని సీరియల్ నంబరు కార్డు మీది నంబరుతో కలుస్తుందో లేదో చూసి, వారంటీ ఇంకా ఉందేమో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఆ పావుగంట కూడా పరీక్షించనివ్వని వారి దగ్గర ఎంత చవకైనా కొనవద్దు.