ఆఫీసు కంప్యూటర్లలోకి రిమోట్‌గా ఎవరు వస్తున్నారో ఎలా తేల్చుకోవాలి?

మీ ఆఫీసులో 60 విండోస్ కంప్యూటర్లున్నాయి, మూడింటిలో ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాము) కనిపించింది, ఎవరు పెట్టారో తెలీదు, ఇదేమైనా దుర్వినియోగమా అని అడిగారు. ముందుగా ఒక మాట: దాన్ని ఇప్పుడే అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. చాలామంది కంగారులో చేసే మొదటి పని అదే. దానితోపాటు లాగ్‌లూ (ఎవరు, ఎప్పుడు వచ్చారో రాసుకునే ఫైళ్లు) పోతే ఎవరు వచ్చారో చెప్పే ఆధారం ఇంకేం మిగలదు. నెట్‌వర్క్ కేబుల్ తీసి, వైఫై ఆపి, మెషీన్‌ను ఆన్‌లోనే ఉంచి ముందు ఆ లాగ్ ఫైళ్లు కాపీ చేసుకోండి.

రెండో సంగతి, యాంటీవైరస్ ఏమీ అనలేదని ధైర్యపడకండి. ఎనీడెస్క్ లాంటివి తయారీదారు డిజిటల్ సంతకం ఉన్న అసలైన ప్రోగ్రాములు, వైరస్‌లు కావు. 2023 జనవరిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) హెచ్చరించింది సరిగ్గా ఈ విషయం మీదే. ఉద్యోగులకు మోసపు మెయిల్ పంపి, ఎనీడెస్క్, స్క్రీన్‌కనెక్ట్ లాంటివాటి పోర్టబుల్ కాపీలు డౌన్‌లోడ్ చేయించారు. పోర్టబుల్ కాపీకి ఇన్‌స్టాల్ అక్కర్లేదు, అడ్మిన్ హక్కులూ అక్కర్లేదు. కాబట్టి కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితా చూసి "ఇక్కడ ఏమీ లేదు" అనుకుంటే పొరపాటే.

ఎనీడెస్క్‌లో చూడాల్సిన ముఖ్యమైన ఫైలు కనెక్షన్_ట్రేస్ (connection_trace.txt) అనే టెక్స్ట్ ఫైలు. ఇన్‌స్టాల్ చేసి ఉంటే సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద ఎనీడెస్క్ ఫోల్డర్‌లో ఉంటుంది (ప్రోగ్రామ్‌డేటా దాగి ఉండే ఫోల్డర్, హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టాలి). పోర్టబుల్ అయితే ఆ యూజర్ యాప్‌డేటా, రోమింగ్ కింద వెతకండి. ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో వరుస: 'ఇన్‌కమింగ్' అనే మాట, తేదీ, సమయం, ఎలా లోపలికొచ్చారు, అవతలివాళ్ల ఐడీ. ఆ నాలుగో అంశం మీదే మీ విచారణంతా ఆధారపడి ఉంటుంది. 'యూజర్' అని ఉంటే మెషీన్ ముందు కూర్చున్న మనిషే యాక్సెప్ట్ నొక్కాడు. 'పాస్‌వర్డ్' అని కుదించి (Passwd) రాసి ఉంటే ముందే పెట్టిన పాస్‌వర్డ్‌తో వచ్చారు, సీటులో ఎవరూ ఉండాల్సిన పని లేదు. 'టోకెన్' అంటే ఒకసారి వచ్చి, మళ్లీ అడగకుండా గుర్తు పెట్టించుకున్నవాళ్లు. రాత్రి వేళల్లో పాస్‌వర్డ్, టోకెన్ వరుసలు కనిపిస్తే ముందు వాటిని పట్టుకోండి. ఈ ఫైలులో సెషన్ ఎప్పుడు ముగిసిందో ఉండదు. దానికీ, అవతలి ఐపీ అడ్రసుకీ 'ట్రేస్' అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న పక్క ఫైళ్లు తెరిచి 'లాగ్డ్ ఇన్ ఫ్రమ్' అన్న మాట వెతకాలి.

ఎనీడెస్క్ లాంటిదే అయిన టీమ్‌వ్యూయర్ అయితే పని ఇంకా తేలిక. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని దాని ఫోల్డర్‌లో కనెక్షన్స్_ఇన్‌కమింగ్ (Connections_incoming.txt) ఫైలు ఉంటుంది. ఐడీ, పేరు, మొదలు, ముగింపు అన్నీ ఒకే వరుసలో. అందులోని సమయం యూటీసీలో (మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక) ఉంటుందని మాత్రం మరవకండి. విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్ మాత్రం స్థానిక సమయం చూపిస్తుంది. ఈ తేడా పట్టించుకోకుండా పోల్చి, ఆ వేళ షిఫ్టులోనే లేని ఉద్యోగి మీద నింద వేయడం నిజంగా జరిగే ప్రమాదమే.

ఇక విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్. సెక్యూరిటీ లాగ్‌లో 4624 ఈవెంట్ (లాగాన్ అయింది), లాగాన్ టైప్ 10 (రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా) వెతకమని అంతా చెబుతారు. అది సగమే. తెరిచి ఉంచిన పాత సెషన్‌లోకి తిరిగి వస్తే టైప్ 10 రాకుండా టైప్ 7 (తాళం తీసిన తెర) రావచ్చు. అందుకే 4778 (మళ్లీ కలిసింది), 4779 (విడిపోయింది) కూడా చూడండి. నెట్‌వర్క్ లెవల్ ఆథెంటికేషన్ (తెర తెరుచుకోకముందే పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) ఆన్‌లో ఉంటే తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు 4625లో (విఫలమైన లాగాన్) టైప్ 3గా (నెట్‌వర్క్ లాగాన్) పడతాయి. టైప్ 10 ఫిల్టర్ పెట్టుకుంటే ఒక్కటీ కనిపించదు. సెక్యూరిటీ లాగ్ తిరగరాయబడి ఉంటే, టెర్మినల్ సర్వీసెస్ లోకల్ సెషన్ మేనేజర్ ఆపరేషనల్ లాగ్‌లో 21 (లాగాన్), 24 (విడిపోయింది), 25 (మళ్లీ కలిసింది) ఈవెంట్లు తరచుగా ఇంకా మిగిలి ఉంటాయి. ఎవరైనా సెక్యూరిటీ లాగ్ చెరిపేస్తే అదే లాగ్‌లో 1102 పడుతుంది, ఆ ఒక్క ఈవెంటే పెద్ద అనుమానం.

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్‌లు కొత్త లాగాన్ సృష్టించవు, అప్పటికే తెరిచి ఉన్న తెరనే పంచుకుంటాయి. అందుకని టైప్ 10 లేదు కాబట్టి ఎవరూ రాలేదని తేల్చేయకండి.

ఫైలు పేరు మార్చి, ఇన్‌వాయిస్ అనో అప్‌డేట్ అనో పెట్టి నడిపినప్పుడు పట్టుకోవడానికి సిస్మాన్ వేయండి. కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములను నమోదు చేసే ఈ పనిముట్టును మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తుంది. దాని ఈవెంట్ 1లో ఒరిజినల్ ఫైల్‌నేమ్ అనే గడి ఉంటుంది. డిస్క్ మీద పేరు మార్చినా ఇది మారదు. ఈవెంట్ 22 డీఎన్ఎస్ ప్రశ్నలు (మెషీన్ ఏ వెబ్ చిరునామాలు వెతికిందో) చూపిస్తుంది, ఎనీడెస్క్ డొమైన్ పేరు అక్కడ దొరుకుతుంది. పోర్టుల (నెట్‌వర్క్ ద్వారాల నంబర్లు) మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు: టీమ్‌వ్యూయర్ 5938 మూసేస్తే 443కి మళ్లుతుంది. కొత్తగా సర్వీసుగా ఇన్‌స్టాల్ అయితే సిస్టమ్ లాగ్‌లో 7045 వస్తుంది, దానికి అలర్ట్ పెట్టుకోండి. సెక్యూరిటీ లాగ్ డిఫాల్ట్ సైజు 20 ఎంబీ, బిజీ మెషీన్‌లో త్వరగా నిండిపోతుంది. 1 జీబీకి పెంచండి.

ఇదంతా చేశాక ఒక పట్టిక వేయండి: ఐడీ, సమయం, ఎలా వచ్చారు, దానికి సరిపోయే సపోర్ట్ టికెట్ ఉందా లేదా. దుర్వినియోగం బయటపడేది ఆ చివరి గడిలోనే. చాలాసార్లు ఆ ఐడీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లదో, ప్రింటర్ బాగుచేసినవాళ్లదో అయి ఉంటుంది. ఎప్పుడో పాస్‌వర్డ్ పెట్టి, తీయడం మరచిపోయారు. కనుక ఉద్యోగిని నిలదీయడానికి ముందు వాళ్లకు ఫోన్ చేసి ఐడీ సరిపోల్చండి. నిజంగానే ఉద్యోగి వైపు వేలు చూపిస్తే, హెచ్ఆర్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని కనెక్షన్ రికార్డులు మాత్రమే చూడండి. వాళ్ల సొంత మెయిళ్లు, ఫొటోల జోలికి పోకండి.

ఇలాంటి ప్రోగ్రాములు నడవకుండా ఆపడానికి యాప్‌లాకర్ (ఏ ప్రోగ్రాము నడవాలో నిర్ణయించే విండోస్ సదుపాయం) వాడితే, ఫైలు హాష్ (ఫైలులోని విషయం నుంచి లెక్కించిన వేలిముద్ర లాంటి కోడ్) మీద కాకుండా పబ్లిషర్ (సంతకం చేసిన కంపెనీ) మీద రూల్ రాయండి. కొత్త వెర్షన్ రాగానే హాష్ మారిపోతుంది, పబ్లిషర్ రూల్ పేరు మార్చినా పట్టుకుంటుంది. డిఫాల్ట్ అలో రూల్స్ లేకుండా డినై ఒక్కటే పెడితే మిగతా ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి, జాగ్రత్త. విండోస్‌లోని అప్లికేషన్ ఐడెంటిటీ సర్వీసు నడవకపోతే రూల్ ఉన్నా లేనట్టే. మొదటి రెండు వారాలు ఆడిట్ ఓన్లీలో (ఆపకుండా నమోదు మాత్రమే చేసే స్థితి) ఉంచి 8003 ఈవెంట్లు (రూల్ అమలైతే ఆగేవి) చూడండి, ఎవరి పని ఆగుతుందో ముందే తెలుస్తుంది. ఎన్‌ఫోర్స్ (నిజంగా అమలు) చేశాక ఆగినవి 8004గా వస్తాయి.