కపాలభాతి (గాలిని బలంగా బయటికి వదిలే ప్రాణాయామం) చేస్తుంటే తల ఎందుకు తిరుగుతుంది?

చాలామంది గాలి వదలడంతో పాటు పీల్చడం కూడా బలంగా చేస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

గాలి వదిలేటప్పుడే బలం పెట్టాలి. పొత్తికడుపును చటుక్కున లోపలికి లాగితే గాలి ముక్కులోంచి బయటికి పోతుంది. వదులు చేస్తే దానంతటదే లోపలికొస్తుంది. బొడ్డు కింద అరచేయి ఆనించి చూడండి, గాలి పోయేటప్పుడు చెయ్యి లోపలికి వెళ్లాలి. భుజాలు ఎగురుతున్నాయంటే తప్పు చేస్తున్నట్టే.

కొత్తవాళ్లకు సెకనుకు ఒకసారి చొప్పున 20 సార్లు గాలి వదిలితే చాలు. ఆపి, నిమిషం మామూలుగా ఊపిరి తీసుకుని మళ్లీ 20. టీవీలో చూసి మొదటిరోజే ఐదు నిమిషాలు ఊదేయక్కర్లేదు! భోజనమయ్యాక 4 గంటలైనా ఆగాలి. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోవద్దు.